డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి

మీ ఊళ్ళో గుడికి మాన్యం ఉందా? దేవుడి సేవకు బదులుగా పూజారికి, మేళగాళ్ళకు, ఇంకా కొందరికి పూర్వం రాజులు, జమీందారులు భూములిచ్చేవారు. వాటినే మాన్యాలు, ఇనాములు అంటాం. సేవ చేసినంతకాలం ఆ కుటుంబం భూమిని అనుభవిస్తుంది. సేవ మానేస్తే భూమి పోతుంది. ఇందులో తప్పేముంది అని మీకు అనిపించవచ్చు. కాని ఆ సేవ కోసం ప్రతి తరంలోనూ ఒక ఆడపిల్లను ఇవ్వవలసి వస్తే? ఆ పిల్లకు పెళ్ళి అనేది లేకుండా, ఎవరో ఒక డబ్బున్నవాడి పోషణలో బతకవలసి వస్తే? ఆ కుటుంబం భూమిని వదులుకుంటుందా, పిల్లను వదులుకుంటుందా?

ఈ ముడిని విప్పడానికి పూనుకున్న ఒక వైద్యురాలి జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. ఆమె పేరు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. పేరు చివర రెడ్డి అని ఉంది కదా అని తెలుగుదేశంలో పుట్టారనుకోకండి. ఆమె తమిళదేశపు బిడ్డ. రెడ్డి అన్నది భర్త వైపు నుంచి వచ్చిన పేరు.

పుదుక్కోటలో బాల్యం

తిరుచిరాపల్లికి దక్షిణాన పుదుక్కోట ఉంది. బ్రిటిషువారి కాలంలో అది ఒక చిన్న సంస్థానం. ముత్తులక్ష్మి అక్కడ 1886 జులై 30న పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యరు ఆ ఊళ్ళోని మహారాజా కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీల వంశంలో పుట్టినవారు. బ్రాహ్మణుడై ఉండి ఆమెను ఇల్లాలిగా చేసుకున్నందుకు నారాయణస్వామిని ఆయన బంధువులు వెలివేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తరువాత రోజుల్లో ముత్తులక్ష్మి శాసనమండలిలో నిలబడి మాట్లాడింది ఎవరో పరాయి ఆడవాళ్ళ గురించి కాదు, తన తల్లి పుట్టింటివారి గురించి.

ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్దమనిషి కాగానే బడి మాన్పించేవారు. ముత్తులక్ష్మికీ అదే జరిగింది. త్వరగా పెళ్ళి చేసేయాలని తల్లి ఆరాటపడ్డారు. తండ్రి మాత్రం ఇంటి దగ్గరే చదువు చెప్పించారు. మీరిప్పుడు ఇంటి దగ్గర చదువుకొని పరీక్షకు వెళుతున్నట్లే ఆమె కూడా ప్రైవేటుగా మెట్రిక్యులేషన్ రాసి 1902లో ఉత్తీర్ణులయ్యారు. ఆ తరువాత కళాశాలలో చేరాలనుకున్నారు. అది మగపిల్లల కళాశాల. ఒక ఆడపిల్ల వచ్చి కూర్చుంటే తమ కొడుకులు చెడిపోతారని కొందరు తల్లిదండ్రులు గొడవ చేశారు. చివరకు మహారాజు మార్తాండ భైరవ తొండమాన్ స్వయంగా అనుమతి ఇచ్చిన మీదట 1904లో ఆమెను చేర్చుకున్నారు. తెరలు కట్టిన బండిలో కళాశాలకు వెళ్ళి వచ్చేవారు. చెడిపోతారన్న భయం మగపిల్లలకైతే, తెర మాత్రం ఆడపిల్లకు కట్టారు.

1907లో మద్రాసు వైద్యకళాశాలలో చేరి, 1912లో బహుమతులతో పట్టా పుచ్చుకున్నారు. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా పనిచేసిన మొదటి మహిళ ఆమె. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్ళాడారు. అది కులాంతర వివాహం. తనను సమానురాలిగా చూడాలి, తన ఇష్టాలకు అడ్డురాకూడదు అన్న షరతు పెట్టి ఒప్పుకున్నారు. ఆయన మాట నిలబెట్టుకున్నారు.

వైద్యురాలు చూసిన లోకం

ఆడవాళ్ళు మగ డాక్టరుకు చెప్పుకోలేని జబ్బులను వైద్యురాలికి చెప్పుకుంటారు. సుఖవ్యాధులు వాటిలో ముఖ్యమైనవి. అప్పటికి పెన్సిలిన్ రాలేదు. సవాయి రోగం తగులుకుంటే సులభంగా వదిలేది కాదు. బయట తిరిగి వచ్చిన భర్త దానిని భార్యకు అంటిస్తాడు. ఆమె కడుపులోని బిడ్డకు కూడా అది సోకుతుంది. ఏ తప్పూ చేయని ఇల్లాలు, ఇంకా లోకం చూడని బిడ్డ బాధపడతారు. అయినా ఊరు ఎవరిని తిడుతుంది? భోగంవీధిలో ఉన్న ఆడదాన్ని. ఆమె ఇంటికి డబ్బు పట్టుకుపోయిన పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనరు. ఒకే పనికి ఇద్దరు కారకులైనప్పుడు నీతి ఒక్కరికే ఎందుకన్నది ముత్తులక్ష్మి జీవితమంతా వేసిన ప్రశ్న.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళదాం. ఈ ప్రశ్న వేసినవారిలో ఆమె మొదటివారు కారు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ అనే ఆమె ఇదే ప్రశ్నతో ప్రభుత్వాన్ని ఎదిరించారు. సైనికులకు రోగాలు రాకుండా ఉండాలని బ్రిటిషు ప్రభుత్వం 1864లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వ్యభిచారం చేస్తున్నారని అనుమానించిన ఆడవాళ్ళను పోలీసులు పట్టుకొని బలవంతంగా వైద్యపరీక్ష చేయించేవారు. రోగం ఉంటే ఆసుపత్రిలో బంధించేవారు. వారి దగ్గరకు వెళ్ళే సైనికుడికి మాత్రం ఏ పరీక్షా లేదు. మన దేశంలో కూడా 1868లో ఇలాంటి చట్టమే వచ్చింది. బట్లర్, ఆమె తోటివారు ఏళ్ళ తరబడి పోరాడాక ఇంగ్లండులో ఆ చట్టాలు రద్దయ్యాయి. అది 1886, ముత్తులక్ష్మి పుట్టిన సంవత్సరమే. మన దేశంలోని చట్టం 1888లో రద్దయింది గాని, కంటోన్మెంట్లలో ఆ పద్ధతి ఏదో ఒక రూపంలో ఆ తరువాత కూడా సాగింది.

1925లో ముత్తులక్ష్మి పైచదువుకు లండన్ వెళ్ళారు. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభకు హాజరయ్యారు. ఓటుహక్కుతోపాటు స్త్రీపురుషులకు ఒకే నీతి ఉండాలనే మాట కూడా ఆ కాలపు మహిళా ఉద్యమాలలో గట్టిగా వినిపించేది. తిరిగి వచ్చేసరికి మద్రాసులో ఆమె కోసం ఒక పని సిద్ధంగా ఉంది.

శాసనమండలిలో

మద్రాసు రాష్ట్రంలో ఆడవాళ్ళకు 1921లోనే ఓటు వచ్చింది. శాసనమండలిలో కూర్చునే హక్కు మాత్రం 1926లో వచ్చింది. ఆ ఎన్నికలలో కమలాదేవీ చటోపాధ్యాయ పోటీచేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పుడు మహిళా సంఘాల కోరికపై ప్రభుత్వం ముత్తులక్ష్మిని నామినేట్ చేసింది. ప్రాక్టీసు పాడవుతుందని ఆమె మొదట వెనకాడారు. 1927లో సభ్యులు ఆమెను ఏకగ్రీవంగా ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. బ్రిటిషు ఇండియాలో శాసనసభలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమె.

ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రమంటే తమిళ జిల్లాలే కాదు. గంజాం నుంచి నెల్లూరు దాకా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోవే. కాబట్టి అక్కడ చేసిన ప్రతి చట్టం అప్పటి తెలుగు జిల్లాలకూ వర్తించేది.

దేవదాసి పద్ధతి ఎలా నడిచేదో మీరు తెలుసుకోవాలి. చిన్నపిల్లకు గుళ్ళో దేవుడి పేర తాళి కట్టేవారు. ఆమె సంగీతం, నాట్యం, చదువు నేర్చుకొనేది. ఉత్సవాలలో ఆడిపాడేది. ఆ రోజుల్లో ఇతర కులాల ఆడవాళ్ళకు లేని చదువు, ఆస్తిహక్కు వారికి ఉండేవి. ఇది కూడా నిజమే, దాచనవసరం లేదు. కాని రాజుల ఆదరణ తగ్గిపోయాక గుడి ఇచ్చే జీతంతో గడవలేదు. పోషకులైన మగవారి మీద ఆధారపడక తప్పలేదు. కూతురు లేనివారు ఒక పిల్లను పెంపకం తెచ్చుకొనేవారు. పెంపకం అన్నది పేరుకే. చాలాచోట్ల కరువులో ఉన్న తల్లిదండ్రులకు నాలుగు రూపాయలిచ్చి పిల్లను కొనుక్కోవడమే. అంటే గుడి పేరు మీద ఆడపిల్లల బేరం జరిగేది. వ్యభిచారం కోసం మైనరు పిల్లలను అమ్మడం, కొనడం నేరమని శిక్షాస్మృతిలో అప్పటికే ఉంది. కాని తాళి కట్టేది దేవుడికి కదా అన్నప్పుడు నేరం రుజువు చేయడం కష్టమయ్యేది.

1927 నవంబరులో ముత్తులక్ష్మి ఒక తీర్మానం పెట్టారు. ఆడపిల్లలను గుళ్ళకు అంకితం చేయడాన్ని ఆపడానికి చట్టం చేయాలని దాని సారాంశం. సభ ఆమోదించింది. తీర్మానం ప్రభుత్వానికి ఒక సలహా మాత్రమే. దానితో పని జరగదని ఆమెకు తెలుసు. అందుకే ఆమె మరో దారి పట్టారు. ఈ భాగం నిదానంగా చదవండి, ఆమె చేసిన పనులలో నేర్పుగల పని ఇదే.

పాఠం మొదట్లో మాన్యం గురించి చెప్పుకున్నాం. దేవదాసి కుటుంబం చేతిలో భూమి ఉంటుంది. దానికి షరతు, గుడిలో సేవ. ఇప్పుడు ప్రభుత్వం ఆ సేవను నిషేధించిందనుకోండి. సేవ లేదు కాబట్టి భూమి గుడికి పోతుంది. అప్పుడు ఆ ఆడవాళ్ళు ఎలా బతకాలి? భూమి లేక వీధిన పడితే ఏ గొయ్యిలోంచి తీయాలనుకున్నామో దానికంటే లోతు గొయ్యిలో పడతారు. ఇంకో సంగతి. భూమి పోతుందన్న భయం ఉన్నంతకాలం, తల్లికి ఇష్టం లేకపోయినా, తరువాతి తరం పిల్లను అంకితం చేస్తూనే ఉంటారు. కాబట్టి ముత్తులక్ష్మి భూమికీ సేవకూ ఉన్న లంకెను తెంచాలన్నారు. హిందూ దేవాదాయ చట్టానికి ఆమె తెచ్చిన సవరణ 1929లో ఆమోదం పొందింది. గుడిలో సేవ చేయకపోయినా ఆ భూమి ఆ స్త్రీకే ఉంటుంది. ఆడపిల్లను దేవుడికి ఇవ్వవలసిన పని లేదు.

నీతిబోధ చేసినవారు అప్పటికి చాలామంది ఉన్నారు. మన కందుకూరి వీరేశలింగం అంతకు నలభై ఏళ్ళ ముందే పెళ్ళిళ్ళలో భోగంమేళాలు పెట్టవద్దని రాజమండ్రిలో ప్రచారం చేశారు. కాని ఆ ఆడవాళ్ళ అన్నం సంగతి ఏమిటని అడిగి, దానికి చట్టంలో చోటు కల్పించినది ముత్తులక్ష్మి.

ఎదురు నిలిచినవారు

శాస్త్రాలలో ఉన్నదాన్ని ప్రభుత్వం ముట్టుకోకూడదని కొందరు వాదించారు. కాంగ్రెసు నాయకుడు ఎస్. సత్యమూర్తి వంటి పేరున్నవారు కూడా ఇటువైపే నిలిచారు. వీరి సంగతి అలా ఉంచండి. దేవదాసీలు కూడా ఎదిరించారు. బెంగుళూరు నాగరత్నమ్మ పేరు మీరు వినే ఉంటారు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కోసం తన ఆస్తిని ధారపోసిన విదుషీమణి ఆమె. ముద్దుపళని తెలుగు కావ్యాన్ని 1910లో తిరిగి అచ్చువేయించినది కూడా ఆమే. నాగరత్నమ్మ, ఆమె తోటివారు సంఘం పెట్టి ప్రభుత్వానికి అర్జీలు ఇచ్చారు. తాము కళాకారులమని, భక్తులమని, తమను వ్యభిచారిణులతో జమకట్టడం అన్యాయమని వారి వాదం.

మీరేమంటారు? నాగరత్నమ్మ చెప్పినదాంట్లో నిజం లేదని కొట్టిపారేయలేం. పాడిన గొంతుకు, ఆడిన కాలికి గౌరవం అడిగారు ఆమె. ముత్తులక్ష్మి తన మాటలలో కొన్నిసార్లు వారందరినీ ఒకే గాట కట్టారు. అది ఆమె లోపమే. అయితే పెద్ద విదుషీమణి ఒకరు గౌరవంగా బతికినంతమాత్రాన, ఏడెనిమిదేళ్ళ వయసులో కొనుక్కువచ్చిన పిల్లకు ఎంచుకొనే హక్కు వచ్చినట్లు కాదు. ఆ పిల్ల ఏ అర్జీ మీదా సంతకం పెట్టలేదు.

ఆ కులాలలోనే పుట్టి ఈ ఉద్యమంలో చేరినవారు కూడా ఉన్నారు. తమిళనాట మూవలూరు రామామృతం అమ్మాళ్ ఊరూరా తిరిగి మాట్లాడారు. మన తెలుగు మహిళ యామినీ పూర్ణతిలకం మద్రాసులో యువతులకు ఒక శరణాలయం నడిపారు.

ఈ పద్ధతిని పోషిస్తున్న మగవారిని కూడా ముత్తులక్ష్మి విడిచిపెట్టలేదు. 1932 చివర బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన గౌరవార్థం జరిగిన విందులో దేవదాసి నాట్యం పెట్టారు. చట్టాలు చేసే పెద్దలే ఇలాంటి వినోదాలకు వెళితే ఎలాగని ఆమె పత్రికలలో ఘాటుగా రాశారు. నాట్యాన్ని సమర్థిస్తూ ఇ. కృష్ణయ్యరు జవాబు రాశారు. ఆ వాదం చాలా రోజులు నడిచింది. ఆ నాట్యమే తరువాత భరతనాట్యం పేరుతో పై కులాల ఇళ్ళలోకి వెళ్ళింది. దానిని తరతరాలుగా కాపాడిన ఆడవాళ్ళలో చాలామందికి మాత్రం వేదికా దక్కలేదు, జీవనమూ దక్కలేదు.

వ్యభిచార గృహాల మీద చట్టం

దేవదాసి పద్ధతి ఒక్కటే కాదు. మద్రాసు వంటి నగరాలలో వ్యభిచార గృహాలు పెరిగిపోయాయి. పని ఇప్పిస్తామని, పెళ్ళి చేస్తామని పల్లెల నుంచి పిల్లలను తెచ్చి వాటికి అప్పజెప్పేవారు. వారిపై 1930లో మద్రాసు రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఆ చట్టం రావడానికి ముత్తులక్ష్మి గట్టిగా కృషి చేశారు. గృహం నడిపేవారికి, పిల్లలను తార్చేవారికి దానిలో శిక్షలు ఉన్నాయి. అక్కడ దొరికిన మైనరు బాలికలను విడిపించే ఏర్పాటు కూడా ఉంది. డబ్బిచ్చి వెళ్ళే మగవాడు మాత్రం దాదాపుగా తప్పించుకున్నాడు. కొనేవాడు ఉన్నంతకాలం తెచ్చి అమ్మేవాడు ఉంటాడన్నది ఏ సంతలోనైనా మీరు చూసేదే.

1930 జనవరిలో ఆమె దేవదాసి పద్ధతిని పూర్తిగా నిషేధించే బిల్లు తెచ్చారు. అది చర్చకు వచ్చే లోగానే ఉప్పు సత్యాగ్రహం మొదలైంది. మే నెలలో గాంధీజీని అరెస్టు చేశారు. అందుకు నిరసనగా ముత్తులక్ష్మి మండలికి రాజీనామా ఇచ్చారు. ఆమె వెళ్ళిపోవడంతో బిల్లు మూలనపడింది. అది చట్టం కావడానికి 1947 దాకా పట్టింది. అంకితం చేయడం నేరమని, అంకితమైన స్త్రీ చేసుకొనే పెళ్ళి చెల్లుతుందని ఆ చట్టం చెప్పింది. నైజాం పాలనలో ఉన్న తెలంగాణకు అది వర్తించలేదు. జోగిని, బసివి, మాతమ్మ, పార్వతి వంటి పేర్లతో సాగుతున్న ఆచారాలన్నిటినీ కలిపి మన రాష్ట్రమంతటా నిషేధించిన చట్టం 1988లో గాని రాలేదు.

మన రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల క్రయవిక్రయాలను నిషేధించింది. 1956లో దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది. 1986లో దానిని సవరించి అనైతిక వ్యాపార నిరోధక చట్టం అని పేరు మార్చారు. అక్రమ రవాణా చేసి తెచ్చిన మనిషి అని తెలిసి లైంగికంగా వాడుకున్నవాడికి శిక్ష అనే నియమం శిక్షాస్మృతిలో 2013లో చేరింది. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ అది ఉంది. డబ్బిచ్చేవాడి వైపు చట్టం చూపు తిరగడానికి ఎంతకాలం పట్టిందో లెక్కవేసుకోండి.

తలుపు తట్టిన పిల్లలు

రాజీనామా ఇచ్చిన సంవత్సరమే, 1930లో, ఒక రాత్రి కొందరు బాలికలు ముత్తులక్ష్మి ఇంటి తలుపు తట్టారు. దేవదాసి కుటుంబాల పిల్లలు. ఈ బతుకు వద్దని బయటపడి వచ్చారు. చదువుకుంటామన్నారు. ఆమె మద్రాసులోని హాస్టళ్ళలో వారికి చోటు అడిగారు. అప్పట్లో హాస్టళ్ళు కూడా కులాలవారీగా ఉండేవి. ఏ కులం హాస్టలూ ఈ పిల్లలను చేర్చుకోలేదు. చట్టసభలో ఆమె తీర్మానానికి చేతులెత్తిన నగరంలోనే ఆ పిల్లలకు పడుకోవడానికి చాప దొరకలేదు.

ముత్తులక్ష్మి వారిని తన ఇంట్లోనే ఉంచుకున్నారు. క్రమంగా ఇంకా పిల్లలు వచ్చారు. అనాథలు, భర్త వదిలేసినవారు, ఏ దిక్కూ లేనివారు. కులం అడగలేదు. తమిళుల పూర్వ కవయిత్రి అవ్వయ్యారు పేరుతో దానికి అవ్వై ఇల్లం అని పేరు పెట్టారు. 1936లో అది అడయారుకు మారింది. అక్కడే బడి, చేతిపనులు, ఉపాధ్యాయ శిక్షణ ఏర్పడ్డాయి.

ఆమె ఇంకా చాలా పనులు చేశారు. 1931లో అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షత వహించారు. స్త్రీధర్మ పత్రికకు కొన్నేళ్ళు సంపాదకులుగా ఉన్నారు. చెల్లెలు క్యాన్సరుతో మరణించిన బాధను మనసులో ఉంచుకొని, క్యాన్సరుకు ప్రత్యేక ఆసుపత్రి కావాలని ఏళ్ళ తరబడి తిరిగారు. 1952లో దానికి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954లో అడయారులో పన్నెండు పడకలతో అది మొదలైంది. కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి దానిని పెంచి పెద్దచేశారు. మన జిల్లాల నుంచి కూడా ఎందరో రోగులు అక్కడికి వెళ్ళి వస్తుంటారు. 1956లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మభూషణ్ ఇచ్చింది.

1968 జులై 22న, ఎనభై రెండేళ్ళు నిండడానికి ఎనిమిది రోజుల ముందు ఆమె కన్నుమూశారు. అప్పటికి అవ్వై ఇల్లంలో చదువుకున్న పిల్లలు కొందరు ఉపాధ్యాయినులుగా, నర్సులుగా పనిచేస్తున్నారు.